మూత్రాశయ క్యాన్సరు: చిత్రపరీక్షల శక్తి, పరిమితి

నొప్పి లేని వ్యాధిని మనవారు వ్యాధిగా నెంచరు. ఒకనాడు మూత్రము ఎఱ్ఱగా వెడలినచో వేడి చేసినదని చెప్పుకొని బార్లీనీరో కొబ్బరినీరో త్రాగి యూరకుందురు. మఱునాటికి మూత్రము తేటపడును, భయము తీరును, సంగతి మఱపున బడును. మరల నెత్తురు కనబడుటకు వారములు పట్టవచ్చును, నెలలు పట్టవచ్చును. ఈ నడిమికాలముననే మూత్రాశయ క్యాన్సరు లోలోపల పెరిగిపోవుచుండును. నొప్పి లేకుండ నెత్తురు వెడలుటయే ఈ వ్యాధికి సాధారణముగా తొలిగుర్తు. నెత్తురు కనబడిన వారికందఱికిని క్యాన్సరున్నదని మా యభిప్రాయము కాదు. ఱాళ్లవలనను, సూక్ష్మజీవులవలనను, పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరుగుటవలనను అట్లు జరుగవచ్చును. కాని కారణమేదో పరీక్షింపక ముందే నిర్ణయించుకొనుట ప్రాణముతో చెలగాటమాడుట యగును.

2022వ సంవత్సరమున ప్రపంచమందు ఆఱులక్షలకు పైగా జనులకు ఈ వ్యాధి క్రొత్తగా సోకినట్లు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసినది. స్త్రీలకంటె పురుషులలో ఇది మూడు నాలుగు రెట్లు హెచ్చు. కారణములలో మొదటిది పొగాకు. రమారమి సగము మందికి వ్యాధి దానివలననే కలుగుచున్నది. పొగలోని విషపదార్థములు నెత్తురున గలసి, మూత్రపిండములచే వడియగట్టబడి, మూత్రముతో గూడ గంటలకొలది మూత్రాశయమున నిలిచి దాని లోపొరను చెఱచును. రెండవ కారణము కొన్ని రసాయనములు. 1895వ సంవత్సరమున జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగర శస్త్రవైద్యుడు లూడ్విగ్ రేన్, రంగుల కర్మాగారములలో పనిచేయు కూలీలకు మూత్రాశయమున కంతులు పుట్టుచున్నవని మొట్టమొదట వెల్లడించెను.

ఆ 1895వ సంవత్సరముననే, నవంబరు 8వ తేదీన, ఆ దేశమందే రాంట్జెన్ పండితుడు ఎక్స్‌రే కిరణములను కనుగొనెను. అయినను ఆ కిరణములు మూత్రాశయ రోగులకు వెంటనే తోడ్పడలేదు. ఎముకలు కిరణముల నడ్డగించి నీడ వేయును. మూత్రాశయమో మెత్తని సంచి. దాని గోడయు, అందలి మూత్రమును, గోడపై మొలచిన కంతియు ఒకేరీతిగా కిరణములను పోనిచ్చును. ఈ చిక్కు 1929వ సంవత్సరమున విడిపోయెను. జర్మనీకి పోయి పరిశోధించుచున్న అమెరికా యువవైద్యుడు మోసెస్ స్విక్, అయోడిన్ గల మందొకటి సిరలోని కెక్కించి, మూత్రపిండములు దానిని మూత్రముతో విసర్జించు సమయమున చిత్రము తీయుటకు మార్గము జూపెను. అప్పుడు మూత్రమే నీడ వేసినది. కంతి యున్న చోట మాత్రము ఆ నీడలో లోటు కనబడినది.

ఇప్పుడు మన పట్టణములలో రోగికి సాధారణముగా మొదట జరుగునది అల్ట్రాసౌండు పరీక్ష. ఇందు కిరణములు లేవు. చెవికి వినరాని ధ్వనితరంగములు శరీరములోనికి బోయి, తగిలిన చోటినుండి ప్రతిధ్వనించి వచ్చును. యంత్రము వానిని చిత్రముగా మార్చును. నీరు త్రాగి, మూత్రము బిగబట్టి రమ్మని వైద్యులు చెప్పుట ఊరక కాదు. నిండిన మూత్రాశయము చిత్రమున నల్లగా దోచును. గోడనుండి లోనికి పొడుచుకొని వచ్చిన కంతి ఆ నలుపుపై తెల్లగా కానవచ్చును. సగము నిండిన సంచిలో గోడముడుతలు కంతులవలె భ్రమింపజేయును, లేదా ఉన్న కంతిని మఱుగుపఱచును. గడ్డకట్టిన నెత్తురా, కంతియా యని సందేహము గలిగినచో రోగిని ప్రక్కకు దొర్లింతురు. గడ్డ సామాన్యముగా జాఱును, కంతి కదలదు. ఖర్చు తక్కువ, హాని లేదు. కాని మిక్కిలి చిన్న కంతులును, గోడకు పొరవలె అంటియుండు క్యాన్సరును దీనికి దొరకకపోవచ్చును.

రెండవది సి.టి. పరీక్ష. ఇంగ్లండు దేశీయుడు హౌన్స్‌ఫీల్డు నిర్మించిన ఈ యంత్రముతో 1971వ సంవత్సరమున మొదటి రోగిని పరీక్షించిరి. స్విక్ మార్గమే ఇందు మఱింత సూక్ష్మమైనది. అయోడిన్ మందునకు ముందును, పిదపను చిత్రములు తీసి, మూత్రపిండములు మొదలు మూత్రాశయము వఱకు దారియంతయు పరిశీలింతురు. ఇది యెంతయు అవసరము. ఏలయన ఆ దారి పొడవునను లోపొర ఒక్కటే. ఒకచోట బుట్టిన వ్యాధి మఱియొక చోటను ఉండవచ్చును. వ్యాధి పొరుగు అవయవములకును, లింఫు గ్రంథులకును ప్రాకినదో లేదో తెలిసికొనుటకును ఇది తోడ్పడును. అయితే ఇందు కిరణప్రసారము గలదు. అయోడిన్ మందు కొందఱికి పడదు. మూత్రపిండములు దుర్బలముగా నున్నవారి విషయమున జాగ్రత్త అవసరము.

మూడవది ఎమ్.ఆర్.ఐ. పరీక్ష. చికిత్స యంతయు ఒక ప్రశ్నపై ఆధారపడి యున్నది: క్యాన్సరు లోపొరలకే పరిమితమై యున్నదా, క్రిందనున్న కండరములోనికి దిగినదా? దిగనిచో కంతిని లోపలినుండియే కోసివేసి, మూత్రాశయములోనికి మందులెక్కించి కాపాడుటకు వీలుగలదు. దిగినచో మూత్రాశయమునే తీసివేయుటయో, మందులతోను కిరణములతోను తీవ్రచికిత్స చేయుటయో తప్పదు. ఎమ్.ఆర్.ఐ. చిత్రమున ఆ కండరము నల్లనిగీతవలె నుండును. గీత చెక్కుచెదరకున్న శుభము. తెగినచో వ్యాధి దిగినదని అనుమానింపవలెను. ఈ అనుమానమును ఒకటి మొదలు అయిదు వఱకు అంకెలతో దెలుపు వైరాడ్స్ పద్ధతి 2018వ సంవత్సరమున వెలువడినది. కంతిని కోసిన వెంటనే తీసిన చిత్రమున గాయపు వాపు వ్యాధివలె దోచును గనుక ఈ పరీక్ష శస్త్రచికిత్సకు ముందే జరుగుట మేలు.

ఇన్ని యంత్రములుండియు చివరిమాట వీనిది కాదని పాఠకులు గమనింపవలెను. 1870ల దశకమున జర్మన్ వైద్యుడు మాక్స్ నిట్జె నిర్మించిన దీపపు గొట్టమునకు సంతతియైన సిస్టోస్కోపును మూత్రమార్గమున బంపి, గోడను కంటితో జూచి, ముక్కతీసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించిన గాని నిర్ధారణ కాదు. కంటికిని చిక్కని సందర్భములున్నవి. అమెరికా ఉపాధ్యక్షుడుగా నుండిన హ్యూబర్టు హంఫ్రీకి 1967వ సంవత్సరమున మూత్రమున నెత్తురు కనబడినది. నాటి పరీక్షలతో సంగతి తేలలేదు. 1976లో ఆయన మూత్రాశయమును తీసివేసిరి. 1978 జనవరిలో ఆయన మరణించెను. భద్రపఱచిన 1967 నాటి మూత్రకణములను 1994లో పరిశీలింపగా, క్యాన్సరునకు సంబంధించిన జన్యువికార మందు అప్పటికే యున్నట్లు బయలుపడినది. అంతటి పదవియందున్న వానికే తొలిగుర్తు తొమ్మిదేండ్లకు ముందు వచ్చినను ఫలము లేకపోయెను.

మన దేశమున పొరపాటు వేఱువిధముగా జరుగుచున్నది. అల్ట్రాసౌండు చేయించి, లోపమేమియు లేదను కాగితమును చేతబట్టుకొని రోగి యింటికి బోవును. అది యంత్రమునకు కనబడలేదను సాక్ష్యమే గాని వ్యాధి లేదను హామీ కాదు. స్త్రీల గతి మఱియు విచారకరము. వారికి మూత్రమున నెత్తురు పడినచో సూక్ష్మజీవుల దోషమని మాత్రలిత్తురు. తగ్గకున్న మరల నవే మాత్రలు. మాత్రలు వాడియు నెత్తురు మరల కనబడెనా, క్రిములు లేవని మూత్రపరీక్ష తేల్చెనా, ఇక మూత్రాశయమును పరీక్షింపక కాలము గడుపరాదు. నడివయస్సు దాటినవారును, పొగ త్రాగువారును, రంగులతోను రసాయనములతోను పనిచేయువారును నెత్తురు ఒక్కమాఱు కనబడినను నిపుణుని యొద్దకు బోవలెను.

ప్రభుత్వములకును ఒక మాట. స్కాను యంత్రములు కొనుట సులభము, ప్రారంభోత్సవములును జరుగును. కాని స్కాను తరువాత సిస్టోస్కోపు పరీక్ష చేయు నిపుణుడు అందుబాటున లేనిచో ఆ చిత్రము దారి చూపి గమ్యము చేర్చనిదగును. జిల్లా ఆస్పత్రులలో ఈ రెండును ఒకేచోట ఏర్పఱచవలెను. ఈ వ్యాధి మరల మరల మొలచు స్వభావము గలది గనుక, చికిత్స పొందినవారిని సంవత్సరములకొలది పరీక్షకు పిలుచుచుండు ఏర్పాటును ఉండవలెను. పొగాకు బోర్డు కేంద్రకార్యాలయము మన గుంటూరుననే యున్నది. పొగాకువలన ఆదాయము పొందుచున్న ఆంధ్రదేశము, దానివలన కలుగు వ్యాధిని గుర్తించు సాధనములను పల్లెటూరి రైతునకు సయితము దూరము చేయరాదు.

యంత్రములు చాల దూరము వచ్చినవి. అవి చూడవలెనన్న రోగి వాని యెదుటికి రావలయును గదా! మూత్రమున నెత్తురు కనబడిన నాడు సిగ్గుపడక, వేడియని సరిపెట్టుకొనక, మఱునాడు తేటపడినదని మోసపోక వైద్యుని దర్శింపవలసినదిగా మా పాఠకులను కోరుచున్నాము.