దవడపంటిలో దాగిన నాళము

పుచ్చిన దవడపంటికి రూట్ కెనాల్ చికిత్స జరిగి, బాధ తీరినదనుకొన్న కొన్ని నెలలకో ఏండ్లకో ఆ పన్నే మరల సలుపుట కలదు. పెక్కు సందర్భములలో ఇందుకు కారణము, పంటి వేరులో కంటబడక మిగిలిపోయిన ఒక సన్నని నాళము.

పంటి నడుమ నరములు, రక్తనాళములు గల మెత్తని గుజ్జు ఉండును. ఇది వేళ్ళలోని నాళముల గుండా వేరు కొన వరకు వ్యాపించియుండును. పుచ్చు లోతుగా దిగినచో సూక్ష్మజీవులు గుజ్జును కుళ్ళించును. అప్పుడు వైద్యుడు నాళములను సన్నని ఆకురాళ్ళతో గీకి, సోడియం హైపోక్లోరైటు ద్రావణముతో కడిగి, గట్టాపర్చా అను చెట్టుపాల పదార్థముతో పూడ్చివేయును. ఒక్క నాళము తప్పిపోయినను సూక్ష్మజీవులకు చోటు మిగిలినట్లే.

మరి నాళములెన్ని? పై వరుసలోని మొదటి పెద్ద దవడపంటికి సామాన్యముగా మూడు వేళ్ళుండును. వేరున కొకటి చొప్పున నాళములును మూడే యనుకొనుట సహజము. కాని జ్యూరిచ్ నగరమున వాల్టర్ హెస్ అను శాస్త్రజ్ఞుడు ఊడదీసిన పండ్లలో రబ్బరు నింపి గట్టిపరచి, పంటిని కరగించి, నాళముల అచ్చులను వెలికి తీసెను. 1925లో ఆంగ్లమున వెలువడిన ఆయన గ్రంథములోని అచ్చులు చెట్టువేళ్ళ వలె చీలి, కలిసి, మరల చీలి కనబడును. బుగ్గవైపు ముందు వేరులో రెండవ నాళము సగమునకు మించిన పండ్లలో ఉండునని ఇప్పుడు తెలియును. దీనిని వింత అనుటకంటె నియమమనుటే న్యాయము!

ఎక్స్ కిరణ చిత్రము దీనిని తేలికగా పట్టియీయదు. ఒకదాని వెనుక నొకటి నిలిచిన రెండు తాటిచెట్లు ఎదుట నుండి చూచువానికి ఒక్కటిగానే తోచును. ప్రక్కకు జరిగిన రెండును కనబడును. అందుచేతనే వైద్యుడు యంత్రమును కొంత ప్రక్కకు వాల్చి రెండవ చిత్రము తీయును.

క్రింది రెండవ దవడపంటి చిక్కు వేరు. కొందరిలో దాని వేళ్ళు కలిసిపోయి, నాళము నెలవంక వలె వంగిన చీలికగా ఉండును. దీనిని 1979లో కుక్, కాక్స్ అనువారు వర్ణించిరి. చైనా, కొరియా ప్రజలలో ఇది ఎక్కువ. గుండ్రని ఆకురాయి ఈ చీలిక మూలలకు చేరదు. అక్కడ ద్రావణమే దిక్కు.

నేడు కోన్ బీమ్ సి.టి. యంత్రము పంటిని అన్ని కోణములనుండి చూపును. దాని కిరణముల మోతాదు చిన్న చిత్రమున కంటె హెచ్చు కనుక, అనుమానమున్నచోటనే వాడుట యుక్తము. సూక్ష్మదర్శిని క్రింద చూచినచో పంటిగది అడుగున నల్లని సన్న గీతలు నాళముల ముఖములను కలుపుచు కనబడును. అట్టి గీత యొకటి ఏ రంధ్రమును చేరక ఆగిపోయినచో, అనుభవజ్ఞుడైన వైద్యుడు అచ్చటనే మెల్లగా వెదకును.