గేరు ఆలస్యంగా పడుతోందా?



బావి మోటారు ఎరిగినవారికి ఈ సంగతి కొత్త కాదు. ఫుట్‌వాల్వు కారితే రాత్రంతా పైపులోని నీరు దిగిపోతుంది. పొద్దున స్విచ్చి వేస్తే మోటారు తిరుగుతుంది గాని నీరు వెంటనే పడదు. ఆటోమేటిక్ గేరున్న పికప్ బండికీ ఇలాంటి జబ్బే వస్తుంది. లివరు 'డి'లోకి తెచ్చినా బండి కదలదు. రెండు మూడు సెకన్లు ఆగి, ఒక్క కుదుపుతో ముందుకు దూకుతుంది.

మామూలు బండిలో క్లచ్చిని మన కాలు నడుపుతుంది. ఆటోమేటిక్‌లో ఆ పని ఆయిల్‌ది. పంపు ఒత్తిడితో తోసిన ఆయిలే లోపలి క్లచ్చి ప్లేట్లను బిగిస్తుంది. ఒత్తిడి ఆలస్యమైతే గేరూ ఆలస్యమే.

ముందు, జబ్బు ఎప్పుడు వస్తోందో గమనించండి. రాత్రంతా నిలిచిన బండికి పొద్దున ఒక్కసారే వస్తే ఆయిల్ కిందికి దిగిపోతూ ఉండవచ్చు, లేదా సీళ్లు గట్టిపడి ఉండవచ్చు. వేడెక్కాక ఎక్కువైతే లోపల ఒత్తిడి కారిపోతోందని అనుమానించాలి.

తరువాత ఆయిల్ చూడండి. చూసే కడ్డీ ఉంటే, బండి పుస్తకంలో చెప్పిన పద్ధతిలోనే చూడాలి. కడ్డీ లేని బండ్లను మెకానిక్కే చూడాలి. ఈ ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లా మండి తరగదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాటే. నల్లబడి మాడువాసన వేస్తే ప్లేట్లు కాలుతున్నాయి. పాలు కలిసినట్టుంటే నీరు చేరింది. అలాంటి బండిని నడపకండి. అవసరానికి మించి పోసినా నురగ కట్టి ఇదే జబ్బు వస్తుంది.

ఇక గడియార పరీక్ష. వేడెక్కిన బండిని చదును నేలమీద నిలపండి. ముందూ వెనకా మనుషులెవరూ ఉండకూడదు. హ్యాండ్ బ్రేకు వేసి, కాలి బ్రేకు గట్టిగా తొక్కి, యాక్సిలరేటరు ముట్టుకోకుండా 'ఎన్' నుంచి 'డి'కి మార్చండి. కుదుపు తెలిసేదాకా సెకన్లు లెక్కించండి. నిమిషం చొప్పున ఆగుతూ మూడుసార్లు చేసి సగటు తీయండి. 'ఆర్'కీ అంతే. కొన్ని బండ్లకు 'డి'లో 1.2, 'ఆర్'లో 1.5 సెకన్లు హద్దు. రెండూ ఆలస్యమైతే ఆయిల్ మట్టం, ఫిల్టరు, పంపు చూడాలి. ఒక్కటే ఆలస్యమైతే ఆ గేరు తాలూకు క్లచ్చి, సీలు, వాల్వు చూడాలి.

గేరు పడలేదని యాక్సిలరేటరు తొక్కడం మాత్రం వద్దు. హఠాత్తుగా గేరు పడితే ప్లేట్లు కాలడం ఒక ఎత్తు, వెనక బస్తాలెత్తే మనిషి మీదికి బండి వెళ్లడం మరో ఎత్తు. ప్లేట్లు కొనుక్కోవచ్చు.

మీరు రాసుకున్న సెకన్లు మెకానిక్కుకు చూపించండి. ఆయన తమిళం మాట్లాడినా, కన్నడం మాట్లాడినా, ఒడియా మాట్లాడినా అంకెలు అందరికీ ఒకటే.