పాత పిస్తోలు వయసు చెప్పే ముద్రలు
ఒక్క అక్షరం వదిలేసినా లైసెన్సుతో పొంతన కుదరదు

తాతల కాలం నాటి టార్గెట్ పిస్తోలు వారసుల చేతికి వచ్చినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంటుంది. లైసెన్సు పుస్తకంలోని సంఖ్యకు, ఇనుముపై చెక్కిన సంఖ్యకు పొంతన ఉండదు. ఆయుధం మారిపోయిందని అనుమానించే ముందు దానిపై ఉన్న ముద్రలన్నీ చదవడం అవసరం.

అమెరికాకు చెందిన కోల్ట్ సంస్థ 1915లో తెచ్చిన .22 టార్గెట్ పిస్తోలునే తీసుకుంటే, దానికి 'ఉడ్స్‌మన్' అనే పేరు 1927లో గానీ రాలేదు. ఆ పేరు లేనంత మాత్రాన నకిలీ అనరాదు. 1947లో నమూనా మార్చినప్పుడు సంస్థ వరుస సంఖ్యను తిరిగి ఒకటి నుంచి మొదలుపెట్టి, చివర 'ఎస్' అక్షరం చేర్చింది. నకలు రాసే గుమాస్తా ఆ అక్షరం వదిలేస్తే కొత్త పిస్తోలు కాస్తా కాగితంపై పాతదైపోతుంది. వయసు తెలియడం ప్రాణరక్షణకూ ముఖ్యమే. తొలినాటి ఉడ్స్‌మన్‌లు సాధారణ వేగపు తూటాలకే తయారయ్యాయి. 1932 ప్రాంతం నుంచే అధిక వేగపు తూటాలను తట్టుకునే మార్పు జరిగింది. పిడి వెనుక స్ప్రింగు ఉండే భాగంపై గళ్ల చెక్కడం ఉంటే పాతది, అడ్డగీతలు ఉంటే తరువాతిది.

జర్మనీ పిస్తోళ్లలో పరీక్షా కేంద్రం ముద్రే కీలకం. కిరీటం కింద 'ఎన్' ఉంటే 1940కి ముందు పరీక్షించినది. ఆ తరువాత కిరీటం స్థానంలో గద్ద వచ్చింది. యుద్ధానంతరం ఉల్మ్ నగరంలో పరీక్షించిన వాటిపై దుప్పి కొమ్ము కనిపిస్తుంది. పక్కన సంవత్సరాన్ని అక్షరాల్లో వేసిన సందర్భాలూ ఉన్నాయి. 'ఎ' అంటే సున్నా, 'బి' అంటే ఒకటి; 'జె'ను వదిలి 'కె'కు తొమ్మిది. ఆ లెక్కన 'హెచ్‌జి' అంటే 1976. పేటెంటు తేదీని మాత్రం తయారీ సంవత్సరంగా భ్రమపడరాదు.

తుప్పు వదిలించే ఉత్సాహంలో గరుకు కాగితంతో రుద్దితే అసలుకే మోసం. సంఖ్యను చెరపడం, మార్చడం 1959 నాటి ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. చెరిగిన ఆయుధం ఎవరి వద్ద దొరికితే, కాదని రుజువయ్యే వరకు వారే చెరిపినట్లు చట్టం భావిస్తుంది. లైసెన్సు గడువు తీరిన ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకోరాదు. ఆలస్యం చేయకుండా సమీప పోలీసుస్టేషన్‌లో గానీ, లైసెన్సు గల వ్యాపారి వద్ద గానీ జమచేయాలి. ఆ సమయంలో తీసుకునే రసీదులో అంకెతోపాటు ముందూ వెనుకా ఉన్న అక్షరాలనూ రాయించుకోవాలి.