వెలుతురు ఎక్కువైతే పగడానికీ వడదెబ్బే

రీఫ్ ట్యాంక్ అంటే ఉప్పునీటి అక్వేరియంలో చేపలతో పాటు బతికున్న పగడాల్ని, అంటే కోరల్స్‌ని పెంచడం. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మగారి అబ్బాయి ఈమధ్య ఒకటి పెట్టాడు. లైటు మాత్రం చాలా పవర్‌ఫుల్‌ది కొన్నాడు. "దీని కింద చావకుండా బతికేవి ఏవో కాస్త చూసి చెప్పరా" అన్నాడు. నేను చదివినకొద్దీ అర్థమైంది, తిరకాసు ఆ ప్రశ్నలోనే ఉంది. మొండివని పేరున్న కోరల్స్ అన్నీ గట్టి వెలుతురును తట్టుకోలేవు. వెలుతురు కావాలనేవన్నీ మొండివి కావు.

పగడం మొక్క కాదు, జంతువు. కానీ దాని కణాల్లో జూజాంథెల్లే అనే ఆల్గే కాపురం ఉంటుంది. ఆల్గే వెలుతురుతో ఆహారం తయారుచేసి, అందులో చాలావరకు ఇంటి ఓనరుకు అద్దెగా కడుతుంది. వెలుతురు హద్దు దాటితే ఈ ఫ్యాక్టరీ ఓవర్‌లోడ్ అయి, కణాల్ని దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అప్పుడు పగడం అద్దెకున్నవాణ్ణి గెంటేస్తుంది. రంగు పోయి తెల్లబడుతుంది. అదే బ్లీచింగ్. వెంటనే చావదు గానీ, ఆకలితో నెమ్మదిగా పోవచ్చు.

కాబట్టి ముందు వెలుతురు కొలవాలి. ల్యూమెన్స్ చూసి లాభం లేదు, అది మనిషి కంటికి సరిపడా తయారుచేసిన కొలత. రీఫ్ లైట్లలో నీలం ఎక్కువ. మన కంటికి డిమ్‌గా కనిపిస్తుంది, ఆల్గేకి మాత్రం మండుటెండ. ఇక్కడ పనికొచ్చేది పార్, అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుతురు ఎంత పడుతోందన్న లెక్క. ఒకే ట్యాంకులో పైన రాతి మీద 300 ఉంటే, అడుగున ఇసుక దగ్గర 100 కూడా ఉండకపోవచ్చు.

మష్రూమ్ కోరల్‌నే చూడండి. బిగినర్లకు అందరూ మొదట చెప్పేది దాన్నే. కానీ దానికి 50 నుంచి 100 పార్ చాలు. గట్టి లైటు కింద పైన పెడితే ముడుచుకుపోతుంది. మూల నీడలో పెట్టాలి.

పైభాగానికి నా ఓటు లెదర్ కోరల్స్‌కి. సైనులేరియా, గొడుగులా ఉండే సార్కోఫైటన్. రెండూ 200 దాకా హాయిగా ఉంటాయి, నీటిలో చిన్న తేడాలొచ్చినా ఓర్చుకుంటాయి. సార్కోఫైటన్ అప్పుడప్పుడు కొన్నాళ్ళపాటు ముడుచుకుని, పైన మైనం లాంటి పొర వదులుస్తుంది. చచ్చిపోయిందని కంగారుపడి పారేసేవాళ్ళున్నారట! కాస్త నీటి ప్రవాహం తగిలితే పొర ఊడిపోతుంది. ఇవి పక్కవాళ్ళ మీద రసాయనాలు కూడా వదులుతాయి, అందుకే ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేస్తారు.

జోయాంథిడ్స్ కూడా మొండివే, రంగులు అదిరిపోతాయి. కానీ వీటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. అవి అంటుకున్న రాయిని మరగబెట్టడం అసలే వద్దు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి.

రాతి పగడమే కావాలంటే పళ్ళెంలా పెరిగే మాంటిపోరా, అదీ ట్యాంకు కుదురుకున్నాక. కాల్షియం, ఆల్కలినిటీ నిలకడగా ఉంచడం చేతనైతేనే. అక్రోపోరా జోలికి మొదటి ఏడాది వెళ్ళకపోవడమే మంచిది.

ఏది తెచ్చినా మొదటి రోజే ఫుల్ లైటు కింద పెట్టకూడదు. నీడలో పెరిగిన నారుని ఒక్కసారి ఎండలో నాటితే ఏమవుతుందో మన రైతుల్ని అడగక్కర్లేదు కదా. లైటుని సగానికి తగ్గించి, మూడు నాలుగు వారాల్లో కొద్దికొద్దిగా పెంచాలి. సముద్రంలోంచి పీకినవి కాకుండా ట్యాంకుల్లోనే పెంచిన ముక్కలు కొంటే, అవి ఇలాంటి లైట్లకు కొంత అలవాటుపడి ఉంటాయి. పగడపు దిబ్బ మీదా భారం పడదు.

ఇది చదివి ఇక్కడే మొదలెడదాం అనుకుంటే ఒక్క నిమిషం ఆగండి. రాతి పగడాలు, సీ ఫ్యాన్లు 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులితో సమానం. పైన చెప్పిన మాంటిపోరా కూడా అందులోదే. అండమాన్ ట్రిప్పులో ఒడ్డున దొరికిన చచ్చిన పగడం ముక్కని గుర్తుగా బ్యాగులో వేసుకున్నా ఎయిర్‌పోర్టు స్కానర్ దగ్గర దొరికిపోతారు.