రాత్రి పూచు పారిజాతము

నేలరాలిన పువ్వు పూజకు పనికిరాదని పెద్దలు చెప్పుదురు. పారిజాతమునకు మాత్రము ఆ నియమము వర్తించదని చెప్పువారును ఆ పెద్దలే. ఈ మినహాయింపు ఎందుకని భక్తులు తరచు అడుగుచుందురు. సమాధానము ఆ చెట్టు స్వభావములోనే కలదు.

పారిజాతపు మొగ్గ సంధ్యవేళ విచ్చుకొనును. రాత్రి యంతయు పరిమళించి, తెల్లవారుసరికి తనంతట తానే జారిపోవును. పగటివేళ కోయుదమన్న కొమ్మపై పువ్వు మిగులదు. రేకులు తెలుపు, కాడ పగడపు వన్నె. రాత్రి విరియు పువ్వులలో పెక్కు తెల్లనివే. చీకటిలో రంగులు కానరావు గనుక, రాత్రి సంచరించు కీటకములను పిలుచుటకు ఆ మొక్కలు తెలుపును, సువాసనను నమ్ముకొన్నవి.

శ్రీకృష్ణుడు సత్యభామ కొరకు ఈ వృక్షమును స్వర్గము నుండి తెచ్చిన కథ మనకు తెలిసినదే. నంది తిమ్మన దానిని ప్రబంధముగా రచించి శ్రీకృష్ణదేవరాయలకు అంకితమిచ్చెను. చెట్టు సత్యభామ పెరటిలో నుండగా పూలు రుక్మిణీదేవి వాకిట రాలెనని జనులు చెప్పుకొందురు. 1753లో లిన్నేయస్ ప్రకటించిన లాటిను నామములో మాత్రము దీనికి 'దుఃఖవృక్షము' అను అర్థము కలదు. పగలు బోసిపోయిన కొమ్మలను చూచినవారికి తోచిన పేరు కాబోలు. వీధి అరుగుపై నిద్రించినవారు అట్లనరు.

కోస్తా పల్లెలలోని పెంకుటిండ్లకు గుమ్మమున కిరుప్రక్కల అరుగు లుండెడివి. చెట్టు పూచునది శ్రావణము మొదలు కార్తీకము వరకు. వాన భయమున ఆరుబయట పడుకొనుటకు వీలుండదు. చూరు క్రింద అరుగే శరణ్యము. మా నాయనమ్మగారు పొద్దుగ్రుంకకముందే చెట్టు మొదట ఊడ్చి, ఉతికిన పంచె పరచెడివారు. పిల్లలము నవారు మంచముల మీద, తాతగారు చాపమీద. రెండవజాము దాటిన తరువాత గాలి తిరిగినపుడెల్ల ఆ పరిమళము దుప్పటిలోనికి వచ్చెడిది. వేకువను పువ్వు రాలు చప్పుడు వినబడునని తాతగారి వాదము. మాకెన్నడును వినబడలేదు.

నేడు వీధులు వెడల్పు చేయుటలో అరుగులు పెక్కు పోయినవి. పారిజాతములు అపార్టుమెంటు ప్రహరీల వెంట ఉన్నవి గాని, పూలు సిమెంటు నేలపై, వాహనముల చక్రముల క్రింద పడుచున్నవి. రాత్రి జాగరణ మిగిలినది డాబాలపై బ్రహ్మకమలము కుండీ చుట్టు మాత్రమే. నిజమునకు అది మెక్సికో ప్రాంతపు కాక్టస్ జాతి మొక్క. హిమాలయములలోని బ్రహ్మకమలము వేరు. అయినను దాని కొరకు అర్ధరాత్రి ఇంటిల్లిపాదియు మేలుకొనుట నాకు సంతోషమే.

కొందరు సాయంకాలమే పారిజాతపు మొగ్గలు త్రుంచుచున్నారు, కొమ్మలు దులుపుచున్నారు. ఇది తగదు. తానుగా రాలుటయే ఆ పువ్వు సమర్పణ విధానము, మినహాయింపు అందులకే. చెట్టు క్రింద రాత్రివేళ శుభ్రమైన గుడ్డ పరచి, ఎండ సోకక ముందే ఏరుకొనవలెను. ఎండ తగిలిన రేకులు త్వరగా వడలిపోవును. కాలు తగిలిన పూలను చెట్టు మొదటనే విడువవలెను.