‘రన్’ అంటే పరుగొక్కటేనా?

ఐదో తరగతి పిల్లవాణ్ని ‘రన్’ అంటే ఏమిటని అడగండి. ‘పరుగెత్తడం’ అని టక్కున చెబుతాడు. అదే పిల్లవాడికి పాఠంలో ‘మై నోస్ ఈజ్ రన్నింగ్’ ఎదురైతే తికమక పడతాడు. ముక్కు పరుగెత్తదు కదా, కారుతుంది!

ఈ మూడక్షరాల ఇంగ్లిష్ మాటకు క్రియగానే, అంటే పనిని చెప్పే మాటగానే, 645 అర్థాలున్నాయని ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ లెక్క తేల్చింది. క్రికెట్‌లో మనం లెక్కపెట్టే రన్ నామవాచకం కాబట్టి ఇందులోకి రాదు. ఆ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన పీటర్ గిల్లివర్‌కు ఈ ఒక్క మాటతోనే తొమ్మిది నెలలు గడిచాయి. రోజుకు రెండర్థాల చొప్పున నేర్చుకుంటూ పోతే, ఉగాది నాడు మొదలుపెట్టిన మనం ముగించేసరికి శివరాత్రి వస్తుంది.

అంతకుముందు ఈ పెద్దరికం ‘సెట్’ది. అదే నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో దాని క్రియకు 430 అర్థాలు, వివరణకు దాదాపు 60,000 మాటలు. పేజీకి 250 మాటలనుకుంటే 240 పేజీల నవల!

ఇవన్నీ వేటికవే కొత్త అర్థాలా? కాదు. ఛాయ కాస్త మారినా నిఘంటువు వేరే పద్దు వేస్తుంది. వాడుక పోయిన పాత అర్థాలనూ, ‘రన్ అవుట్’ లాంటి జంటమాటలనూ వదలదు.

మరి ఇన్నెలా పుట్టాయి? నీరు పారడం ‘రన్’కు ఉన్న పాత అర్థాల్లో ఒకటి. తర్వాత యంత్రాలొచ్చాయి. రైలు నడిచినా, మిల్లు ఆడినా, కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ పనిచేసినా ఇంగ్లిష్‌వాళ్లు ‘రన్’ అనే అన్నారు.

ఇది ఇంగ్లిష్‌కే ఉన్న చిక్కు అనుకోకండి. మన ‘కొట్టు’ను చూడండి. కొబ్బరికాయ కొడతాం, ఈత కొడతాం, సైకిల్‌కు గాలి కొడతాం, గోడకు రంగు కొడతాం. పాచిన కూర వాసన కొడుతుంది. వీటిని మనం జాబితా రాసుకుని నేర్చుకోలేదు. కాయతో, గాలితో, రంగుతో కలిపి విన్నాం, అలాగే పట్టుబడ్డాయి.

పిల్లలకూ ఆ దారే మంచిది. నోట్‌బుక్‌లో ‘రన్’ పక్కన ‘పరుగు’ అని రాసి వదిలేయకుండా, పక్కమాటతో కలిపి రాయించండి: ట్యాప్ రన్ అయితే నీళ్లు కారడం, చీర రంగు రన్ అయితే వెలిసి పక్కబట్టకు అంటడం, షాప్‌ను రన్ చేస్తే కొట్టు నడపడం.