ఎడారిలో పారే కాలువ

ఎడారి దేశం అనగానే మనకు ఇసుక దిబ్బలు, ఒంటెలు గుర్తుకొస్తాయి. ఒమాన్ రాజధాని మస్కట్‌లో దిగినవారికి మొదట కనబడేవి రాతికొండలు, వాటి నడుమ తెల్లని ఇళ్ళు, ఓ పక్క నీలి సముద్రం. దుబాయ్‌లోలా ఆకాశాన్నంటే మేడలు లేవు. మా టాక్సీ నడిపిన ఒమానీ పెద్దమనిషి పాదాల దాకా జారే తెల్లని దిష్‌దాషా తొడుక్కుని, తలకు కుట్టుపని చేసిన టోపీ పెట్టుకున్నాడు. హిందీలో అడిగితే హిందీలోనే బదులిచ్చాడు.

అద్దంలాంటి ఆ రోడ్ల వయసు తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ తండ్రిని తప్పించి గద్దెనెక్కేనాటికి దేశం మొత్తానికి తారురోడ్డు పది కిలోమీటర్లు, బడులు మూడు! రాత్రి కాగానే మస్కట్ ప్రాకార ద్వారాలు మూసేసేవారు. చమురు ఎగుమతి 1967లోనే మొదలైనా, ఆ డబ్బు ఊరూరా బడులుగా, ఆసుపత్రులుగా మారింది 1970 తరువాతే. 2020 జనవరిలో కన్నుమూసేదాకా ఖాబూస్ పాలించాడు.

మత్రా బజారులో ధూపం వాసన వెంట నడుస్తూ చిల్లర చూసుకుంటే దాని పేరు ‘బైసా’. మన పైసాయే! 1970 దాకా అక్కడ చెల్లింది రూపాయే. 1959 నుంచి గల్ఫ్ దేశాల కోసం మన రిజర్వు బ్యాంకు వేరుగా రూపాయి నోట్లు అచ్చువేసింది.

ఆ బజారులోనే తెలుగు మాట చెవిన పడింది. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళు, తెలంగాణ నుంచి కట్టుబడి పనికి వచ్చిన మగవాళ్ళు గల్ఫ్ దేశాలన్నిటా ఉన్నారు. అక్కడి వీసా యజమానితో ముడిపడి ఉంటుంది. ఒప్పందం ముగిసినవారు పాత యజమాని అనుమతిపత్రం లేకుండా వేరేచోట చేరే వీలు ఒమాన్‌లో 2021 జనవరి నుంచే వచ్చింది. ఆ నున్నని రోడ్లను చూసి మెచ్చుకునేటప్పుడు ఈ చేతుల్ని మరవకూడదు.

మస్కట్ నుంచి రెండు గంటలు లోపలికి వెళితే నిజ్వా. అక్కడ ఖర్జూరపు తోటల్లో గలగలా పారుతున్నది ‘ఫలజ్’ అనే కాలువ. కొండల దిగువన భూమిలోని నీటిని పట్టి, వాలు వెంట, మోటారు లేకుండా ఊళ్ళోకి తెస్తారు. ముందు తాగడానికి, తరువాత తోటలకు. ఎవరి వంతు ఎంతసేపన్నది గంటల లెక్క. పూర్వం పగలు నీడనుబట్టి, రాత్రి నక్షత్రాలనుబట్టి చూసేవారు. ఇలాంటివి దేశంలో దాదాపు 3,000 ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. నిజ్వాలోని దారిస్ సహా ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంట్లో కుళాయి వచ్చిందని ఆ ఊళ్ళు ఫలజ్‌ను వదిలేయలేదు. జాబితాలోకి ఎక్కినందువల్ల అది బతకడం లేదు. వంతులవాళ్ళంతా కలిసి పూడిక తీసుకుంటున్నారు గనక పారుతోంది. తరాలుగా ఆంధ్ర, తెలంగాణలకు దూరంగా ఉంటున్న మన ఇళ్ళల్లో తెలుగు సంగతీ ఇంతే. బడిలో, కొలువులో ఏ భాష మాట్లాడినా, ఇంట్లో రోజూ తెలుగు మాట్లాడుకుంటేనే ఆ కాలువ పిల్లల దాకా పారుతుంది.